పాత బండికి బ్రేకులు

(సంఘ ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠము)



ఉగాదినాడు పంచాంగ శ్రవణమూ, పద్యాలూ, పిల్లల పాటలూ వినవలసిన చోట మోటారు షెడ్డు సంగతులేమిటని మీలో కొందరికి తోచవచ్చును. కార్యదర్శిగారు మమ్ములను మాట్లాడమన్నప్పుడు, "మీరు రైల్వేవారు గనుక రైళ్ళను గురించే చెప్పండి" అన్నారు. రైలు ప్రసక్తి తప్పక వస్తుంది. కాని మేము చెప్పదలచుకొన్నది మన ఇళ్ళముందు నిలిచివుండే పాత పికప్ బండ్ల బ్రేకులను గురించి. మేము మెకానిక్కులము కాము. మెట్రిక్యులేషన్ ప్యాసై కాట్పాడిలో కాగితాలు వ్రాసుకొనే గుమాస్తాలము. అయితే గుమాస్తాకు ఒక అలవాటు అబ్బుతుంది: ఏ కాగితము మీద ఏమి అచ్చయి ఉన్నదో చివరి పంక్తిదాకా చదవడము. బ్రేకు ఆయిలు డబ్బా మీద అచ్చయినదాన్ని చదివేవారు తక్కువ గనుక, అది చదివి తెలుసుకొన్నదీ, పక్కన నిలబడి చూచినదీ మనవి చేస్తున్నాము.

మన స్థితి చూడండి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు చిత్తూరు, రాయవేలూరు, గుడియాత్తం అన్నీ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివి. తరువాత జిల్లాలు విడిపోయినవి, రాష్ట్రాలు విడిపోయినవి, చుట్టరికాలు మాత్రము విడిపోలేదు. ఆడపిల్లను కొండపైన ఇస్తాము, కోడలిని కొండపైనుంచి తెచ్చుకొంటాము. వ్యాపారమూ అంతే. గుడియాత్తంలో లుంగీలు, అగ్గిపెట్టెలు ఎక్కించుకొని పైకి పోయిన బండి, పలమనేరులోనో వి.కోటలోనో టమోటాలు వేసుకొని రాత్రికి రాత్రి దిగి వేలూరు మార్కెట్టు చేరుకోవాలి. పైకి పోయేటప్పుడు ఇంజను గొప్ప తెలుస్తుంది. దిగేటప్పుడు బ్రేకు గొప్ప తెలియాలి. పలమనేరు చిత్తూరు కంటె 300 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. ఆ నడుమనున్న మొగిలి ఘాటులో 2024 సెప్టెంబరులో బస్సూ లారీ ఢీకొని పలువురు చనిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. దాని కారణము విచారించడము మా పని కాదు. మన బండ్లు ఎటువంటి దారిన తిరుగుతున్నవో జ్ఞాపకము చేయడానికే ఎత్తినాము.

మా తోడల్లుడికి గుడియాత్తంలో ఒక పికప్ ఉన్నది. ఇరవై ఏళ్ళ బండి. కిందటి సంవత్సరము దానికి బ్రేకులన్నీ కొత్తవి వేయించినాడు. ముందు చక్రాలకు ప్యాడ్లు, వెనుక చక్రాలకు షూలు మార్చి, డ్రమ్ములు లేతు పట్టించినాడు. బిల్లు తెచ్చి మాకు చూపించి, "ఇక ఐదేళ్ళు చూడనక్కరలేదు" అని సంతోషించినాడు. నెలన్నర తిరగలేదు. టమోటా లోడుతో ఘాటు దిగుతూంటే, ఆరేడు మలుపులు చక్కగా పట్టిన బ్రేకు, తరువాతి మలుపులో మెత్తబడి పెడలు నేలదాకా పోయింది. డ్రైవరు పాతవాడు గనుక బెదరలేదు. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ, లోయవైపు పోనివ్వక కొండవైపు మట్టిగట్టుకు బండిని రాచి నిలిపినాడు. క్లీనరు కుర్రవాడికి మోచేయి చిట్లింది. టమోటా పెట్టెలు కొన్ని రోడ్డుపాలయినవి. అంతటితో పోయింది.

విచిత్రము తరువాత జరిగింది. అరగంట గడచి, ఆ డ్రైవరే మళ్ళీ పెడలు తొక్కి చూస్తే రాయివలె గట్టిగా ఉన్నది! మెల్లగా ఊరు చేరినారు. ఉదయము మెకానిక్కు అంతా వెతికి, "ఆయిలు నిండుగా ఉందన్నా. లీకు ఎక్కడా లేదు. షూలు కొత్తవి. డ్రైవరు కునుకు తీసివుంటాడు" అని తేల్చినాడు. మా తోడల్లుడికీ ఆ మాటే నచ్చింది. ఆ డ్రైవరు పన్నెండేళ్ళుగా ఆ ఇంటి ఉప్పు తిన్నవాడు. "నేను నిద్రపోలేదు సామీ, కాలు కింద బ్రేకు మాయమయింది" అని ఎంత చెప్పుకొన్నా వినేవారు లేరు. పని పోయేదాకా వచ్చింది.

మేము ఆ ఆదివారము వెళ్ళినప్పుడు ఒక్క ప్రశ్న అడిగినాము. "ఆయిలు ఎప్పుడు మార్చినారు?" అని. "మార్చడమేమిటన్నా! తగ్గినప్పుడల్లా పోస్తూనే ఉన్నాము గదా" అన్నాడు మా తోడల్లుడు. వేలూరులో ఒక పెద్ద షెడ్డులో, ఆయిలులో తేమ ఎంతున్నదో చూపే కలమువంటి పరికరము ఉన్నది. దానిని డబ్బాలో ముంచగానే ఎర్రదీపము వెలిగింది. చక్రము దగ్గరి స్క్రూ వదిలి కొంత ఆయిలు సీసాలోకి పట్టితే టీ డికాషను రంగున, అడుగున మడ్డితో వచ్చింది. డ్రైవరు మాట నిజమే. బ్రేకు నిజముగానే కాలికింద మాయమయింది, చల్లారిన తరువాత తిరిగి వచ్చింది. అతడు నేటికీ ఆ బండే నడుపుతున్నాడు.

అది ఎట్లా మాయమయిందో చెప్పాలంటే బ్రేకు పనిచేసే తీరు కొంచెము చెప్పుకోవాలి. మన కాలు పెడలును తొక్కితే మాస్టర్ సిలిండరులోని పిస్టను ముందుకు జరుగుతుంది. అక్కడినుండి చక్రాలదాకా సన్నని గొట్టాలలో ద్రవము నిండి ఉంటుంది. ద్రవమును నొక్కితే అది కుంచించుకుపోదు. ఒకచోట పెట్టిన ఒత్తిడిని అన్ని వైపులకూ సమానముగా అందిస్తుంది. ఇది 17వ శతాబ్దములో పాస్కల్ అనే ఫ్రెంచి విద్వాంసుడు చెప్పిన సూత్రము. ఆ ఒత్తిడి చక్రము దగ్గరి పిస్టనులను తోసి, షూను డ్రమ్ముకో, ప్యాడును డిస్కుకో అదుముతుంది. మోటారుబండికి ఈ పద్ధతిని అమర్చినవాడు మాల్కం లాక్‌హీడ్ అనే అమెరికా వాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ అనే కారు నాలుగు చక్రాలకూ ఇటువంటి బ్రేకులతో బజారులోకి వచ్చింది. కనుక బ్రేకు అంటే షూ మాత్రమే కాదు, ఆ ద్రవము కూడ బ్రేకే. ఇనుము ముక్కలు మార్చి, ఆ ఇనుమును కదిలించేదానిని అట్లాగే వదిలివేస్తే సగము పనే అయినట్లు.

రైలు సంగతి ఇక్కడ చెప్పుతాము. 1869లో వెస్టింగ్‌హౌస్ అనే ఆయన రైళ్ళకు గాలి బ్రేకు కనిపెట్టినాడు. మొదట అది గాలి నింపితే పట్టేది, గొట్టము తెగితే బ్రేకు లేనట్లే. కొద్ది సంవత్సరాలలోనే ఆయన దానిని తిరగవేసినాడు. ఇప్పుడు గొట్టములో గాలి నిండి ఉన్నంతసేపు బ్రేకు వదులుగా ఉంటుంది. గొట్టము తెగినా, పెట్టె విడిపోయినా గాలి పోయి బ్రేకు తనంతట తానే పట్టుతుంది. మన దేశములో చాలాకాలము నడచిన వాక్యూము బ్రేకుదీ ఇదే నీతి, గొట్టములోకి గాలి చొరబడితే బండి నిలవవలసిందే. అనగా రైలు బ్రేకు చెడితే రైలు ఆగుతుంది. పికప్ బ్రేకు చెడితే పికప్ ఆగదు! ఈ తేడా తెలిసిననాటినుండి మాకు పాత బండ్ల విషయములో కొంత భయము పట్టుకొన్నది. రైలుకు అంత ఏర్పాటు ఉండికూడ బ్రేకు పవర్ సర్టిఫికెట్ అనే కాగితము లేనిదే బయలుదేరనివ్వరు. మన బండికి ఉన్నదేమిటి? పాత రవాణా బండ్లకు ఏటేటా ఫిట్‌నెస్ చూస్తారు, మంచిదే. కాని అక్కడ చదునైన నేలమీద, చల్లని బ్రేకుతో చూస్తారు. కొండ దిగుతూ కాలిపోతున్న బ్రేకు సంగతి ఆ పరీక్షకు అందదు.

కాలిపోవడమంటే ఎంత? గుమాస్తాలము గనుక లెక్క వేసినాము. బండీ సరుకూ కలిపి 3 టన్నులనుకొందాము. 300 మీటర్ల ఎత్తునుండి గేరు సాయము లేకుండా వట్టి బ్రేకు మీదనే దింపితే, అందులో పుట్టే వేడితో సుమారు 30 లీటర్ల నీటిని 30 డిగ్రీలనుండి మరిగేదాకా కాచవచ్చును. పెళ్ళివారింటి కాగుకు సరిపడే వేడి. గాలీ టైర్లూ కొంత పంచుకొన్నా, ఎక్కువ భాగము ఆ నాలుగు చక్రాలలోని చారెడు ఇనుముమీద పడుతుంది. అక్కడినుండి పిస్టనుకు, పిస్టనునుండి ద్రవమునకు ప్రాకుతుంది. ద్రవము మరిగి ఆవిరి బుడగలు లేచినవంటే కథ ముగిసినట్లే. ద్రవము నొక్కుబడదు గాని ఆవిరి నొక్కుబడుతుంది. మీరు తొక్కిన తొక్కుడంతా బుడగలను అణచడానికే చాలిపోతుంది, చక్రమునకు ఏమీ చేరదు. అరగంటకు చల్లారి ఆవిరి తిరిగి ద్రవమవుతుంది, పెడలు గట్టిపడుతుంది, నేరము డ్రైవరు మీద పడుతుంది.

మరి మంచి ద్రవము ఎందుకు మరగదు? ఇక్కడే పేరు మనలను మోసము చేస్తున్నది. అందరమూ "బ్రేక్ ఆయిల్" అంటాము. అది ఆయిలు కాదు. పూర్వము ఆముదములో ఆల్కహాలు కలిపి వాడిన రోజులు ఉన్నవి. అప్పుడు ఆ పేరు చెల్లింది. ఇప్పటిది గ్లైకాల్ ఈథర్లనే రసాయనాలతో చేసినది. దాని గుణము ఉప్పువంటిది. వానాకాలములో మూతలేని జాడీలో ఉప్పు చెమర్చినట్లు, ఇది గాలిలోని తేమను తాగుతుంది. రబ్బరు గొట్టాల గోడలలోనుంచి, డబ్బా మూత సందులోనుంచి ఏడాది పొడుగునా తాగుతూనే ఉంటుంది. నీరు కలిసేకొద్దీ మరిగే వేడి దిగిపోతుంది. అందుకనే డబ్బా మీద రెండు అంకెల సంగతి చూడాలి, తేమ లేనప్పటి మరుగుస్థానము ఒకటి, తేమ కలిసిన తరువాతి మరుగుస్థానము రెండవది.

డబ్బా మీద డాట్ 3, డాట్ 4 అని ఉంటుంది. డాట్ అనేవి అమెరికా రవాణాశాఖ పేరులోని పొడి అక్షరాలు. వారి నిబంధన ప్రకారము డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసము 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరగరాదు. నూటికి సుమారు 3.7 పాళ్ళు నీరు కలిసిన తరువాత కనీసము 140 వరకు మరగరాదు. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. డాట్ 5.1కు 260, 180. చూడండి, డాట్ 3లో నూటికి నాలుగు పాళ్ళయినా నిండని నీరు 65 డిగ్రీలను మింగివేసింది! మన దేశపు ప్రమాణము ఐఎస్ 8654. ఆ గుర్తూ, తయారైన తేదీ, సీలు చెడని మూత, ఈ మూడూ లేని డబ్బా ఎంత చౌక అయినా ముట్టుకోవద్దు.

ఇక పాత పికప్పుకు ఏది ఎంచుకోవాలి? మాస్టర్ సిలిండరు మూత మీదనో, బండి పుస్తకములోనో ఏది వ్రాసివుంటే అది మొదటి మాట. డాట్ 3 అని ఉన్నచోట డాట్ 4 పోయవచ్చును. రెండూ ఒకే జాతివి, కలుస్తాయి. కొండ దిగే బండికి డాట్ 4 మేలేనని మా అభిప్రాయము. డాట్ 4 అని ఉన్నచోట మాత్రము డాట్ 3కి దిగరాదు. అయితే ఒక సంగతి గట్టిగా చెప్పవలసి ఉన్నది. ఆరేళ్ళనాటి డాట్ 4 కంటె ఈ నెల పోసిన డాట్ 3 ఎన్నోరెట్లు నయము. జనము అంకె పెద్దదా చిన్నదా అని వాదించుకొంటారు, వయసు అడగరు. రెండేళ్ళకొకసారి మొత్తము మార్చాలి. తరచు ఘాటు దిగే బండికి ఏడాదికొకసారి మార్చితే తప్పులేదు. పికప్పుకు లీటరు డబ్బా సాధారణముగా సరిపోతుంది. గుడియాత్తం లుంగీలు రెండు మూడు కొన్న డబ్బుతో అయ్యే పని ఇది.

డాట్ 5 అని ఇంకొకటి ఉన్నది. అది సిలికోను జాతి. అంకె పెద్దది గనుక గొప్పదని తెచ్చి పోసేరు! అది మన బండిలో ఉన్నదానితో కలవదు. నీటినీ కలుపుకోదు. లోపలికి చేరిన నీరు వేరుగా ఒక మూల నిలిచి, అక్కడ ఇనుమును త్రుప్పు పట్టిస్తుంది. డాట్ 5.1 మాత్రము తిరిగి గ్లైకాల్ జాతిదే. ఒక్క చుక్కా ఒక్క అంకె తేడాతో జాతులే మారిపోయేటట్లు ఈ పేర్లు పెట్టిన మహానుభావులెవరో గాని, ఏ గుమాస్తానూ సంప్రదించి ఉండరు.

అన్నిటికంటె ఘోరమైనది ఇంకొకటి. "ఆయిలే గదా" అని ఇంజను ఆయిలో, పవర్ స్టీరింగు ఆయిలో పోయడము. పెట్రోలియము నూనె తగిలితే బ్రేకులోని రబ్బరు వాషర్లు నానిన శనగలవలె ఉబ్బుతాయి. ముందు బ్రేకు వదలక పట్టుకొని కాలుతుంది, తరువాత అసలు పట్టదు. ఒక్కసారి అట్లా పోసినట్లు తెలిస్తే కడిగితే పోదు. మాస్టర్ సిలిండరు, చక్రాల సిలిండర్లు, కాలిపర్లు, గొట్టాలు, అన్నింటిలోనూ రబ్బరు మార్చవలసిందే. అనుమానము వస్తే ఇంటిలోనే చిన్న పరీక్ష చేయవచ్చును. గాజుగ్లాసులో నీళ్ళు పోసి, డబ్బాలోని ఆయిలు కొన్ని చుక్కలు వేయండి. మామూలు బ్రేకు ద్రవమైతే నీటిలో కలిసిపోతుంది. నూనె కలిసివుంటే పైన తెప్ప కడుతుంది. ఆ గ్లాసు మళ్ళీ వంటింటికి పోరాదు, అది విషము. ఇంట్లో పసిపిల్లలున్నవారు డబ్బాను ఎత్తున, తాళములో పెట్టుకోవాలి.

ఇక బ్రేకులు మార్చే పని. ఇది చెప్పితే మీరందరూ రేపే స్పానరు పట్టాలని కాదు. షెడ్డులో పక్కన నిలబడినప్పుడు ఏమి చూడాలో తెలియాలని. బండి గట్టినేల మీద ఉండాలి, దిగువ చక్రాలకు అడ్డురాళ్ళు ఉండాలి. జాకీ మీద మాత్రమే నిలిపిన బండి కిందకు ఎవరూ దూరకూడదు, స్టాండ్లు పెట్టాలి. ఇటుకలు స్టాండ్లు కావు, పగులుతాయి. ఒక చక్రమునకు మార్చితే దాని జత చక్రమునకూ మార్చాలి. లేకుంటే తొక్కినప్పుడు బండి ఒకవైపు లాగుతుంది. డ్రమ్ము విప్పితే లోపల స్ప్రింగులు, మీటలు చాలా ఉంటాయి. ఒకవైపు పని ముగిసేదాకా రెండవవైపు విప్పకుండా ఉంచితే అదే చూచి వ్రాసుకొనే కాపీ. లోపలి నల్లదుమ్మును నోటితో ఊదడము, గాలిపైపుతో కొట్టడము కూడదు. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చును, అది ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. తడిగుడ్డతో తుడవాలి. కుర్రవాళ్ళు దానిని పండుగ బుక్కా చల్లినట్లు ఊదుతుంటే చూడలేక మేము రెండుసార్లు కేకలు వేసినాము.

డ్రమ్ము మీద ఎంతవరకు అరగవచ్చునో పోతలోనే అంకె వేసి ఉంటుంది. లేతు పట్టించిన తరువాత ఆ అంకె దాటితే అది పాత ఇనుముకు పోవలసిందే. పలుచని డ్రమ్ము వేడిని దాచుకోలేదు, పగులుతుంది కూడ. చక్రము సిలిండరు చివరనున్న రబ్బరు తొడుగును కొంచెము ఎత్తి చూడమనండి. లోపల తడి ఉంటే సిలిండరు కారుతున్నదన్నమాట. కొత్త షూ మీద ఆ ద్రవము గాని, యాక్సిలు సీలునుండి గ్రీజు గాని పడితే ఆ షూ పనికిరాదు. పెట్రోలుతో కడిగి ఎండలో పెట్టి మళ్ళీ బిగించే ఆచారము మన ప్రాంతములో ఉన్నది. లైనింగు లోపల పీల్చుకొన్న జిడ్డు ఎండకు పోదు, వేడికి మాత్రము పైకి వస్తుంది. అనగా ఘాటులో వస్తుంది.

రబ్బరు గొట్టాలను ఎవరూ పట్టించుకోరు. పైకి బాగానే ఉండి, లోపల ఉబ్బి దారి మూసుకొన్న గొట్టము ఒక చెడ్డపని చేస్తుంది. కాలి బలముతో ద్రవమును చక్రమువైపు పోనిస్తుంది, కాలు తీసినప్పుడు తిరిగి రానివ్వదు. ఆ చక్రము పట్టుకొనే తిరుగుతుంది, కాలుతుంది. ఇరవై ఏళ్ళ బండికి గొట్టాలు మార్చలేదంటే, షూలతో పాటు మార్చించడము మంచిది. చాసీ వెంబడిపోయే ఇనుప గొట్టము క్లిప్పు కింద త్రుప్పుపట్టి ఉంటుంది, అది కూడ చూడాలి. దానికి బదులు ఫ్రిజ్జుకు వాడే రాగిగొట్టము వంచి బిగించేవారున్నారు. అదురుకు రాగి గట్టిపడి చిట్లుతుంది. వద్దు.

సామాను దొరకదనే సాకు మనకు లేదు. టీవీఎస్ వారూ లూకాస్ వారూ కలిసి 1962లో మదరాసు పాడిలో బ్రేక్స్ ఇండియా నెలకొల్పినారు. దాని పోతపని కర్మాగారము మన అరక్కోణం లైనులోని షోలింగూరు దగ్గరనే ఉన్నది. అసలు సరుకు ఇంత దగ్గరలో తయారవుతూండగా నకిలీ పెట్టె కొనడము ఎందుకు? ఏ కంపెనీదైనా సరే, బిల్లు వేసే దుకాణములో కొనండి.

ముందు ప్యాడ్లు మార్చేటప్పుడు పిస్టనును వెనుకకు నెట్టుతారు. అప్పుడు చక్రము దగ్గరి మురికి ద్రవము ఎదురెక్కి మాస్టర్ సిలిండరుకు పోతుంది. అందుచేత బ్లీడింగు స్క్రూ వదిలి, గొట్టము తగిలించి, ఆ మురికిని సీసాలోకి పట్టుకొంటూ నెట్టమనాలి. ద్రవము బాడీ రంగుమీద పడితే రంగు లేచిపోతుంది. వెంటనే నీళ్ళు పోసి కడగాలి.

మా తోడల్లుడి బండికి పాతది తీసి కొత్తది నింపిన రోజున మేము అక్కడే ఉన్నాము. రెండవ మనిషి కావలసివస్తే మా మరదలే డ్రైవరు సీటులో కూర్చొన్నది. ఈ పనికి బలము అక్కరలేదు, చెప్పినమాట వినడము కావాలి. మెకానిక్కు "తొక్కండమ్మా" అన్నప్పుడు మెల్లగా తొక్కి, "పట్టినాను" అని కేక వేయాలి. అతడు స్క్రూ వదిలితే ద్రవమూ బుడగలూ గొట్టములో వస్తాయి. స్క్రూ బిగించి "వదలండి" అన్న తరువాతనే కాలు తీయాలి. ముందే తీస్తే గాలి లోపలికి పోతుంది, మళ్ళీ మొదటికి వస్తుంది. మాస్టర్ సిలిండరుకు అతి దూరపు చక్రముతో మొదలుపెట్టడము వాడుక. మన కుడిచేతి బండ్లకు అది వెనుక ఎడమది. తరువాత వెనుక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. బండి పుస్తకము వేరుగా చెప్పితే పుస్తకము మాటే వినాలి. నడుమ డబ్బాలో ద్రవము అడుగంటకుండ పోస్తూ ఉండాలి.

అక్కడే ఒక సూక్ష్మము చూచినాము. పాత బండి పెడలును నేలదాకా అదిమి తొక్కరాదు. మాస్టర్ సిలిండరులో పిస్టను రోజూ తిరిగే చోటు నున్నగా ఉంటుంది, దానికి ముందుభాగము ఏళ్ళతరబడి తిరగక గరుకెక్కి ఉంటుంది. కొత్త ద్రవము నింపే ఉత్సాహములో నేలదాకా తొక్కితే రబ్బరు ఆ గరుకుమీద చీరుకొని, మరునాడు మాస్టర్ సిలిండరే పోతుంది. అందుకని పెడలు కింద ఒక చెక్కముక్క పెట్టినారు. వెనుక యాక్సిలు దగ్గర బరువునుబట్టి బ్రేకును సర్దే వాల్వు ఉన్న బండ్లకు, వెనుకభాగమును ఎత్తి వ్రేలాడదీసి గాలి తీయరాదు. ఆ వాల్వు దారి తగ్గించుకొంటుంది, గాలి పూర్తిగా రాదు. అన్నీ అయ్యేసరికి మా మరదలు, "బావగారూ, ఈ పని నాకు వంటకంటె సులభముగా ఉంది, వచ్చేయేడు నన్నే పిలవండి" అన్నది. పిలుస్తాము.

పని ముగిసిన తరువాత షెడ్డు వాకిట్లోనే మూడు పరీక్షలు చేయండి. ఇంజను ఆపి నాలుగైదుసార్లు తొక్కి, కాలు అట్లాగే ఉంచి ఇంజను స్టార్టు చేస్తే పెడలు కొంచెము కిందికి దిగాలి. దిగితే బూస్టరు పనిచేస్తున్నట్లు. తరువాత ఒక నిమిషము గట్టిగా తొక్కిపట్టి ఉంచండి. పెడలు మెల్లమెల్లగా దిగిపోతూంటే, కారడము కనబడకపోయినా మాస్టర్ సిలిండరు లోపల ద్రవము జారిపోతున్నదన్నమాట, బయలుదేరరాదు. మూడవది హ్యాండ్ బ్రేకు. ఆ రాత్రి బండిని కాపాడినది అదే. ఎత్తుదారిన నిలిపి అది పట్టుతున్నదో లేదో చూడండి. కొత్త షూలు డ్రమ్ముకు పూర్తిగా అతుకుకొనేదాకా కొద్దిరోజులు లోడు తక్కువగా, మెల్లగా నడపాలి. కొండమీద ఎంత మంచి ద్రవము ఉన్నా, ఎక్కిన గేరులోనే దిగాలి. తిరుమల దిగేవారు 1944లో వేసిన పాత ఘాటు దారినే దిగుతారు గదా, అక్కడ తక్కువ గేరు వాడనివారి చక్రాల వాసన వెనుక వచ్చేవారికి తెలుస్తుంది. ఒకటి మరచిపోకముందే చెప్పుతాము. పెళ్ళిళ్ళకూ కాణిపాకం మ్రొక్కులకూ పికప్ వెనుక ఆడవాళ్ళనూ పిల్లలనూ నిలబెట్టి తీసుకుపోవడము చట్టము ఒప్పదు, ఏ బ్రేకూ దానిని ఒప్పించలేదు.

మా తోడల్లుడి బండిలో ఇప్పుడు అద్దము పక్కన చిన్న అట్టముక్క అతికించి ఉన్నది. ద్రవము పేరు డాట్ 4, పోసిన తేదీ, మళ్ళీ మార్చవలసిన తేదీ, కింద డ్రైవరు సంతకము, యజమాని సంతకము. రైల్వే కాగితము నమూనాలో మేమే గీతలు గీసి ఇచ్చినాము. కావలసినవారికి ఇవ్వడానికి అటువంటివి కొన్ని వ్రాసి తెచ్చినాము, సభ ముగిసిన తరువాత ద్వారము దగ్గర తీసుకోవచ్చును. డబ్బాలో మిగిలిపోయిన ద్రవమును దాచుకోకండి. మూత తీసిన డబ్బా తేమ తాగుతూనే ఉంటుంది గనుక, వచ్చే యేటికి అది కొత్తది కాదు. దానిని కాలువలో పోయక, పాత ఇంజను ఆయిలులోనూ కలపక, వేరే సీసాలో షెడ్డువారికి అప్పగించండి.